కాంట్ చెప్పిన సత్యం, నీతి, మతం: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం పూట కొందరికి తత్వశాస్త్రం పాఠాలు చెబుతుంటాను. సివిల్స్ ఎథిక్స్ పేపర్ కోసం వచ్చే పిల్లలు కొందరు, ఉద్యోగాలు అయిపోయి ఇప్పటికైనా చదువుకుందామని వచ్చే పెద్దలు కొందరు. కాంట్ దగ్గరికి వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ అవే డౌట్లు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, జవాబులు ఒకచోట పెట్టాను. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కాంట్ ఎవరో ముందు రెండు ముక్కల్లో చెప్పండి.

జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1724 ఏప్రిల్ 22న తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ అనే రేవు పట్నంలో పుట్టాడు. తండ్రి గుర్రాలకు కట్టే తోలు పట్టీలు, పగ్గాలు తయారుచేసేవాడు. ఇంట్లోవాళ్లు పైటిస్టులు. అంటే ప్రొటెస్టెంట్లలో ఆచారాల కన్నా మనసు శుద్ధిగా ఉండటమే ముఖ్యమని నమ్మే శాఖ. తల్లి చనిపోయేనాటికి ఆయనకు 13 ఏళ్లు. 1755 నుంచి 15 ఏళ్ల పాటు విద్యార్థులిచ్చే ఫీజుల మీదే బతుకుతూ పాఠాలు చెప్పాడు. 1770లో ప్రొఫెసర్ అయ్యాడు. పేరు తెచ్చిన పుస్తకం 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్' 1781లో వచ్చింది, అప్పటికి ఆయన వయసు 57. 1804 ఫిబ్రవరి 12న ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కాలినిన్‌గ్రాడ్.

'జ్ఞానోదయ యుగం' అంటున్నారు, బుద్ధుడికి అయిన జ్ఞానోదయం లాంటిదా?

కాదు. 'ఎన్‌లైటెన్‌మెంట్' అన్న మాటను మనం జ్ఞానోదయమని అనువదించడం వల్ల ఈ గందరగోళం వచ్చింది. 1784లో ఒక బెర్లిన్ పత్రికలో కాంట్ దీనిమీద చిన్న వ్యాసం రాశాడు. ఆయన లెక్కలో జ్ఞానోదయమంటే మనిషికి మైనారిటీ తీరడం. ఆస్తి కాగితాల దగ్గర మనం వాడే మాటే ఇది. మైనర్ తరఫున గార్డియన్ సంతకం పెడతాడు. వయసు వచ్చాక కూడా ఇంకొకరి చేత సంతకం పెట్టించుకుంటూ కూర్చుంటే ఆ తప్పు మనదే అంటాడు కాంట్. నా బదులు ఆలోచించడానికి పుస్తకం ఉంది, నా మనస్సాక్షి పని చేసిపెట్టడానికి పాస్టరు ఉన్నాడు, ఏం తినాలో చెప్పడానికి డాక్టరు ఉన్నాడు, ఇక నాకెందుకు శ్రమ అని మనిషి అనుకుంటాడట. కారణం తెలివి తక్కువై కాదు, బద్ధకం, పిరికితనం. కాబట్టి ఇది చెట్టు కింద ఒక్క రాత్రి కలిగే అనుభవం కాదు, సొంత బుద్ధిని వాడే ధైర్యం.

ఊరు దాటని మనిషికి లోకం ఏం తెలుస్తుంది?

తూర్పు ప్రష్యా దాటి వెళ్లలేదన్నది నిజమే. కానీ కోనిగ్స్‌బర్గ్ బాల్టిక్ తీరంలో పెద్ద వ్యాపార కేంద్రం. ఇంగ్లిష్, డచ్, రష్యన్, పోలిష్ వర్తకులు వచ్చిపోతుండేవారు. కాంట్‌కు అత్యంత ఆప్తుడు జోసెఫ్ గ్రీన్ అనే ఇంగ్లిష్ వర్తకుడు. మధ్యాహ్న భోజనం కాంట్ ఒంటరిగా తినేవాడు కాదు, రోజూ ఎవరో ఒకరిని పిలిచి గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు. గదిలో ముడుచుకుని కూర్చున్న మనిషన్న బొమ్మను పక్కన పెట్టి చదవండి.

## సత్యం గురించి

సత్యం అంటే ఏమిటో కాంట్ సూటిగా చెప్పాడా?

ఒక్క వాక్యంలో చెప్పాడు: మన ఎరుక, అది దేని గురించో ఆ వస్తువుతో సరిపోవడమే సత్యం. ఈ నిర్వచనం పాతదే, అందులో తగాదా లేదు. తగాదా అంతా తర్వాతి మాట దగ్గర. 'ఏది చూసినా ఇది సత్యమా కాదా అని తేల్చేసే ఒకే గుర్తు చెప్పండి' అని అడిగితే, ఆ ప్రశ్నే తప్పు అంటాడు. ప్రతి వస్తువుకూ దాని సంగతి వేరు. అన్నింటికీ సరిపోయే గుర్తు కావాలంటే వస్తువు సంగతే వదిలేయాలి. వస్తువును వదిలేశాక సత్యం ఇంకెక్కడిది?

తప్పు ప్రశ్నకు జవాబు చెప్పబోతే ఎలా ఉంటుందో ఆయన ఒక పాత సామెతతో చెబుతాడు. ఒకడు మేకపోతు పాలు పితుకుతుంటే ఇంకొకడు కింద జల్లెడ పట్టుకున్నాడట. మన దగ్గర ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేయమన్నట్టు అంటాం. రెండూ ఒకే చూపులోంచి పుట్టిన మాటలు. జవాబు వెతికే ముందు ప్రశ్నను పరీక్షించమంటున్నాడు. నన్నడిగితే ఆయన పుస్తకాలన్నిటికీ ఇదే ద్వారం.

మనకు కనిపించేదంతా మాయ అంటున్నాడా? ఇది శంకరాచార్యులు చెప్పిందే కదా?

పోలిక ఉంది, కానీ ఒకటి కాదు. కాంట్ చెప్పేది ఇదీ: దేశం, కాలం, కార్యకారణం అనేవి బయటి నుంచి మనం ఏరుకునేవి కావు, లోకం మన అనుభవంలోకి రావాలంటే వాటి గుండానే రావాలి. అలా వచ్చిన లోకం కల కాదు. అందులో శాస్త్రం పనిచేస్తుంది, తప్పొప్పులు తేలతాయి.

ఆయన ఇచ్చిన ఉదాహరణే తీసుకోండి. మీరు ఒక ఇంటి ముందు నిలబడి పైకప్పు నుంచి పునాది దాకా చూడొచ్చు, పునాది నుంచి పైకీ చూడొచ్చు. చూపు వరస మీ ఇష్టం. అదే ఏటి వాలుకు పోతున్న పడవను చూస్తుంటే, ముందు ఎగువన కనిపించి తర్వాతే దిగువన కనిపిస్తుంది. ఈ వరస మీ చేతిలో లేదు. రెండుచోట్లా కళ్లు చేసే పని ఒకటే, అయినా ఒకటి కదలని వస్తువనీ ఇంకొకటి జరుగుతున్న సంగతనీ వేరు చేసి గుర్తిస్తున్నాం. ఎలా? కార్యకారణం అనే నియమం మన అనుభవంలో ముందే ఉండటం వల్ల. లోకం మాయ అనుకునేవాడు పడవ వరస గురించి ఇంత పట్టుదలగా మాట్లాడడు.

అసలు తేడా ఇంకోటి ఉంది. అద్వైతంలో పరమసత్యం జ్ఞానంతో అందుతుంది. కాంట్ ప్రకారం వస్తువు తనకు తానుగా ఎలా ఉంటుందో మనిషికి ఎప్పటికీ తెలియదు.

హ్యూమ్ ఆయన్ని నిద్ర లేపాడంటారు, ఏమిటా నిద్ర?

1783లో రాసిన 'ప్రొలెగోమెనా'లో కాంటే ఆ మాట అన్నాడు. తర్కం పట్టుకుని ఎంత దూరమైనా పోవచ్చు, ఆత్మ, దేవుడు, సృష్టి మొదలు అన్నీ తేల్చేయొచ్చు అన్న ధీమాయే ఆ నిద్ర. నిప్పు పెడితే దూది కాలడం మనం చూస్తాం గానీ, 'కాలి తీరాలి' అనే బంధాన్ని ఎక్కడా చూడం, అది అలవాటు మాత్రమే అన్నది స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వాదనకు సారం. ఆ దెబ్బకు కాంట్‌కు మెలకువ వచ్చింది. కానీ హ్యూమ్ జవాబుతో ఆయన సరిపెట్టుకోలేదు.

## నీతి గురించి

కేటగారికల్ ఇంపరేటివ్‌ను పరీక్ష కోసం కాకుండా నిజంగా అర్థమయ్యేలా చెప్పండి.

'గ్రౌండ్‌వర్క్' అనే 1785 నాటి పుస్తకంలో కాంట్ తీసుకున్నది మనందరికీ తెలిసిన సందర్భం: చేబదులు. ఒకడికి డబ్బు అత్యవసరం. తిరిగివ్వలేనని వాడికి తెలుసు. ఇస్తానని మాట ఇవ్వకపోతే ఎవరూ పైసా ఇవ్వరనీ తెలుసు. అబద్ధపు మాట ఇచ్చి తీసుకోవచ్చా?

కేటగారికల్ ఇంపరేటివ్ అంటే 'అయితే, గియితే' అనే షరతులేవీ లేని ఆజ్ఞ. దాని ప్రకారం కాంట్ అడగమనే ప్రశ్న ఇది: నువ్వు ఇప్పుడు పెట్టుకున్న రూలు అందరికీ రూలైతే ఎలా ఉంటుంది? అవసరం వచ్చిన ప్రతివాడూ అలాగే మాట ఇస్తే, 'వచ్చే నెల ఇచ్చేస్తా' అన్న మాటను నమ్మేవాడే ఉండడు. చేబదులు అనేదే మిగలదు. అంటే నీ అబద్ధం పనిచేయాలంటే మిగతావాళ్లంతా నిజం చెబుతుండాలి. రూలు అందరికీ ఉండాలి, నాకొక్కడికి మినహాయింపు కావాలి అన్నదే ఇక్కడ తప్పు.

చాలామంది 'అందరూ అలా చేస్తే సమాజం పాడవుతుంది' అని రాసి ఊరుకుంటారు. అది ఫలితం లెక్క. కాంట్ చూసేది ఆ రూలు తన కాళ్లను తానే నరుక్కుంటోందా లేదా అన్నది.

కొట్టువాడు నిజాయితీగా అమ్మినా మార్కులు వేయడేం?

చిన్నపిల్లాడు వచ్చినా ఎక్కువ ధర తీసుకోని కొట్టువాడు కాంట్ ఉదాహరణే. గిరాకీ పోతుందన్న భయంతో అలా ఉంటే ఆ పని కర్తవ్యానికి తగ్గట్టు ఉంది, అంతే. కర్తవ్యం కోసం చేసింది కాదు. తప్పు చేశాడని కాంట్ అనలేదు, అది గుర్తుపెట్టుకోండి.

మనుషుల్ని వాడుకోకూడదంటాడు. మరి ఆటో ఎక్కడం, పనిమనిషిని పెట్టుకోవడం తప్పా?

తప్పు కాదు. మనిషిని 'కేవలం' సాధనంగా చూడకూడదన్నాడు. ఆ 'కేవలం' అన్న ముక్క వదిలేసి చదివితే అర్థం తలకిందులవుతుంది. ఒప్పుకున్న కూలికి ఒప్పుకున్న పని, మధ్యలో మోసం, బలవంతం లేకపోతే ఆ మనిషి ఇష్టానికి చోటు ఉన్నట్టే. జీతం ఇస్తున్నాం కదా అని ఆమెకు జ్వరమొచ్చినా రమ్మంటే అప్పుడు ఆలోచించుకోవాలి.

హంతకుడు తలుపు కొట్టి అడిగినా నిజమే చెప్పాలా? ఇదేం నీతి సార్?

ఈ ప్రశ్న రాని బ్యాచ్ లేదు. జరిగింది ఇదీ. 1797లో ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టంట్ ఒక విమర్శ చేశాడు: నీ ఇంట్లో దాక్కున్న స్నేహితుడి కోసం హంతకుడు వచ్చి అడిగినా అబద్ధం చెప్పకూడదనే జర్మన్ తత్వవేత్త ఒకడున్నాడు, అలాంటి నియమం పాటిస్తే సమాజమే నిలవదు అని. అదే ఏడాది కాంట్ జవాబిచ్చాడు, వెనక్కి తగ్గలేదు. మాట్లాడక తప్పని పరిస్థితిలో నిజం చెప్పడం ఆ హంతకుడికి మనం బాకీ పడ్డ విషయం కాదు, మనుషులందరికీ బాకీ పడ్డది. మాట మీద నమ్మకం పోతే ఒప్పందం, హక్కు, చట్టం అన్నీ కూలతాయి అన్నాడు. ఇంకో మాట కూడా: నువ్వు 'ఇంట్లో లేడు' అని అబద్ధం చెప్పావు, నీకు తెలియకుండా స్నేహితుడు అప్పటికే దొడ్డిదారిన వెళ్లిపోయాడు, హంతకుడికి వీధిలో ఎదురుపడ్డాడు అనుకో, ఆ చావులో నీకూ భాగం ఉంటుంది.

మనవాళ్లకు ఈ వాదన వినగానే కౌశికుడు గుర్తొస్తాడు. భారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కథ. కౌశికుడిది సత్యవ్రతం. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాక్కుంటే, అటు వచ్చిన దొంగలు అడిగారని వాళ్లు ఉన్న చోటు చెప్పేశాడు. వాళ్లందరూ చనిపోయారు, కౌశికుడు నరకానికి పోయాడు. సరిగ్గా అదే సందర్భం, తీర్పు మాత్రం పూర్తిగా ఎదురు.

నా అభిప్రాయం అడిగితే, ఇక్కడ కృష్ణుడి పక్షమే. కాంట్ సిద్ధాంతంలోనే మనిషిని కేవలం సాధనంగా వాడనివ్వకూడదనే మాట ఉంది, హంతకుడు చేయబోతున్నది అదే. అయితే ఒక్కటి గమనించాలి. కాంట్ నోరు మూసుకోవద్దనలేదు. తలుపు వేసేయొచ్చు, జవాబు చెప్పనని అనొచ్చు, కేకలు వేసి ఊరిని లేపొచ్చు. పరీక్షలో 'కాంట్ స్నేహితుణ్ణి అప్పగించమన్నాడు' అని రాయకండి, ఆయన అలా అనలేదు.

నిజం చెప్పి నష్టపోయినవాళ్లకు ఆయన ఏం చెప్పాడు? పుస్తకంలో కాదు, ఎదురుగా ఎవరైనా అడిగితే?

ఒకామె నిజంగానే అడిగింది. పేరు మారియా ఫాన్ హెర్బర్ట్, ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్ ఊరు. కాంట్ పుస్తకాలు చదివిన మనిషి. 1791లో ఆయనకు ఉత్తరం రాసింది, భక్తుడు దేవుణ్ణి పిలిచినట్టు మిమ్మల్ని పిలుస్తున్నాను అని మొదలుపెట్టి. ప్రేమించిన వ్యక్తి దగ్గర ఒక విషయం చాలాకాలం దాచింది. చివరికి ఉండబట్టలేక చెప్పేసింది. అతను స్నేహంగానే ఉన్నాడు గానీ ప్రేమ చల్లారిపోయింది. బతకాలని లేదు, మీ నీతి నియమం నాకేం సాయం చేస్తుందో చెప్పండి అని అడిగింది.

మరుసటి ఏడాది కాంట్ జవాబు రాశాడు. మనసులో ఉన్నదంతా బయటపెట్టకపోవడం వేరు, అబద్ధమాడటం వేరు. మొదటిది మనుషుల్లో ఉండే పరిమితి, రెండోది స్వభావాన్నే పాడుచేసే తప్పు అన్నాడు. తర్వాత ఒక కఠినమైన ప్రశ్న వేశాడు: నువ్వు బాధపడుతున్నది అబద్ధమాడినందుకా, లేక నిజం చెప్పి నష్టపోయినందుకా? రెండోదైతే, చేసిన మంచి పనికి పశ్చాత్తాపపడుతున్నట్టు. అతని ప్రేమ గుణాన్ని చూసి పుట్టిందైతే కాలం గడిచాక తిరిగి వస్తుంది, కాకపోతే ఎలాగూ పోయేదే అన్నాడు.

1793లో ఆమె మళ్లీ రాసింది. నియమాలు పాటించడం ఇప్పుడు నాకు కష్టమే కాదు, కానీ లోపలంతా ఖాళీగా ఉంది అని. దానికి కాంట్ జవాబివ్వలేదు. ఆమె ఉత్తరాలను ఒక స్నేహితుడి కూతురికి పంపాడు, భావావేశంలో పడితే ఏమవుతుందో హెచ్చరికగా. 1803లో మారియా తన ప్రాణం తానే తీసుకుంది.

మొదటి జవాబులో ఆయన ఆమెను సాటి మనిషిగా గౌరవించి, బుజ్జగించకుండా మాట్లాడాడు. రెండోసారి ఆమెను ఇంకొకరికి పాఠంగా వాడుకున్నాడు. మనిషిని కేవలం సాధనంగా చూడకూడదని చెప్పిన ఆయనే. ఈ ఉత్తరాలు చదివిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

గీతలో నిష్కామ కర్మ, కాంట్ కర్తవ్యం ఒకటేనా?

ఫలితం మీద ఆశ లేకుండా చేయాలన్నంతవరకు దగ్గరగానే ఉంటాయి. కానీ అర్జునుడి కర్తవ్యం క్షత్రియుడిగా అతని స్వధర్మం నుంచి వస్తుంది, కర్మను ఈశ్వరుడికి అర్పించమంటుంది. కాంట్ దగ్గర నియమం ఎవరి కులం నుంచీ, దేవుడి ఆజ్ఞ నుంచీ రాదు. బుద్ధి ఉన్న ప్రతి మనిషీ తనకు తానే విధించుకునేది. జవాబులో పోలికతో పాటు ఈ తేడా కూడా రాయండి.

మనుషులంతా సమానమన్నాడు, మరి జాతుల గురించి అలా రాశాడేం?

రాశాడు, కప్పిపుచ్చాల్సిన పనిలేదు. 1764 నాటి పుస్తకంలో, భూగోళ పాఠాల్లో తెల్లవాళ్లను పైన పెట్టి మిగతావాళ్లను కించపరిచిన మాటలున్నాయి. ప్రయాణికుల రాతలు చదివి, సొంతంగా పరీక్షించకుండా నమ్మేశాడు. అదే కాంట్ 1795లో శాశ్వత శాంతి మీద రాసిన పుస్తకంలో, వర్తక స్థావరాల పేరుతో హిందుస్థాన్‌లోకి సైన్యాన్ని దించి, రాజ్యాల మధ్య యుద్ధాలు పెట్టి, కరువులు తెచ్చారని యూరప్ వాళ్లను తప్పుపట్టాడు. రెండూ ఆయన రాసినవే. ఒకటి చూపించి రెండోది దాచడం నిజాయితీ కాదు.

## మతం గురించి

కాంట్ నాస్తికుడా, ఆస్తికుడా?

నాస్తికుడు కాదు. దేవుడు ఉన్నాడని తర్కంతో నిరూపించడం కుదరదన్నాడు, లేడని నిరూపించడమూ అంతే. ఆయన ఇచ్చిన ఉదాహరణ వంద థేలర్లు. అప్పట్లో అవి వెండి నాణేలు. నా ఊహలో ఉన్న వంద నాణేలకూ, నా జేబులో ఉన్న వంద నాణేలకూ లెక్కలో ఒక్కటి కూడా తేడా లేదు. తేడా అంతా నా పరిస్థితిలోనే. అలాగే 'పరిపూర్ణుడు' అన్న భావనలోకి ఎంత తొంగిచూసినా అందులోంచి 'ఉన్నాడు' అన్నది బయటికి లాగలేం.

కానీ మంచివాడికి మంచి జరగాలన్న ఆశ నీతిలోనే ఉందనీ, ఆ ఆశకు అర్థం ఉండాలంటే దేవుణ్ణి, అమరత్వాన్ని నమ్మడం సబబేననీ 1788 పుస్తకంలో వాదించాడు. విశ్వాసానికి చోటివ్వడం కోసం జ్ఞానాన్ని పక్కకు జరపాల్సి వచ్చిందని 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్' రెండో ముద్రణకు 1787లో రాసిన ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు.

దేవుడి భయం లేకపోతే మనిషి నీతిగా ఎందుకుంటాడు?

కాంట్ దీన్ని తిప్పి చూపించాడు. భయంతో చేసేది నీతే కాదు. మతం మీద 1793లో వచ్చిన పుస్తకం ముందుమాటలోనే, తన కర్తవ్యం తెలుసుకోవడానికి మనిషికి తన పైన ఇంకొకరు అక్కర్లేదన్నాడు. నీతి మతం నుంచి రాదు, మతమే నీతి నుంచి వస్తుంది.

పూజలు, మొక్కులు, ప్రార్థనలు తప్పంటాడా?

ఆయన మాట్లాడింది తన చుట్టూ ఉన్న క్రైస్తవం గురించి. మంచి నడవడిక కాకుండా ఇంకేదో చేసి దేవుణ్ణి మెప్పించొచ్చు అనుకోవడం భ్రమ అన్నాడు. నడవడికకు బలమిస్తే ఆచారం ఉండొచ్చు, నడవడికకు బదులుగా నిలబడితే తప్పు.

ఇక్కడ ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది ఆచారం కూడా కాదు, నమ్మకుండానే నమ్ముతున్నానని చెప్పడం. 1791లో రాసిన ఒక వ్యాసంలో బైబిల్‌లోని యోబు కథ తీసుకున్నాడు. యోబు పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్లంతా కురుపులు. స్నేహితులు వచ్చి, దేవుడు న్యాయవంతుడు కాబట్టి నువ్వేదో పాపం చేసే ఉంటావన్నారు. యోబు మాత్రం నేనేం చేయలేదు, ఇది నాకు అర్థం కావడం లేదు అన్నాడు. చివరికి దేవుడు మెచ్చుకున్నది యోబునే. ఆ స్నేహితులు దేవుడు వింటున్నాడని ఆయనకు నచ్చేలా మాట్లాడారు, తమకు తెలియనిది తెలిసినట్టు చెప్పారు అంటాడు కాంట్. దేవుడి ముందు కూడా ముఖస్తుతి అబద్ధమే. ఆయన సత్యం, నీతి, మతం మూడూ కలిసే చోటు ఇదేనని నేను నమ్ముతాను: తెలియనిది తెలుసనకపోవడం, నమ్మనిది నమ్ముతున్నాననకపోవడం.

రాజు వార్నింగ్ ఇస్తే కాంట్ భయపడి ఊరుకున్నాడా?

1786లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ చనిపోయాక ఆయన తమ్ముడి కొడుకు రెండో ఫ్రెడరిక్ విలియం రాజయ్యాడు. 1788లో వోల్నర్ అనే మంత్రి మతం మీద కట్టడి ఆజ్ఞ తెచ్చాడు. 1792లో మతం మీద కాంట్ రాసిన మొదటి వ్యాసం అచ్చయింది, రెండోది సెన్సార్ ఆపేసింది. ఆయన యేనా విశ్వవిద్యాలయం తత్వశాస్త్ర విభాగం దగ్గర అనుమతి తెచ్చుకుని 1793లో అన్నీ కలిపి పుస్తకంగా వేశాడు.

1794 అక్టోబర్ 1 తేదీతో రాజాజ్ఞ వచ్చింది. క్రైస్తవ గ్రంథాన్ని కించపరిచావు, మళ్లీ ఇలా చేస్తే పరిణామాలు బాగుండవు అని. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు. కాంట్ తన రాతల్లో ఒక్క వాక్యం కూడా వెనక్కి తీసుకోలేదు. కానీ 'తమరి విధేయ ప్రజగా' ఇకమీద మతం గురించి బహిరంగంగా మాట్లాడను, రాయను అని మాటిచ్చాడు. 1797లో ఆ రాజు చనిపోయాడు. 1798లో కాంట్ మళ్లీ మతం గురించి రాస్తూ ఆ ఉత్తరాలను కూడా అచ్చు వేశాడు. 'తమరి' ప్రజగా అన్న మాట కావాలనే వాడానని, ఆ రాజు ఉన్నన్నాళ్లే తనను కట్టిపడేస్తుందని వివరించాడు.

ఇది మాటలతో ఆడుకోవడం కాదా అని కొందరు అడుగుతారు. ఆ మాట నాకూ కొంచెం ఇబ్బందిగానే అనిపిస్తుంది. రాజు దాన్ని అలా అర్థం చేసుకుని ఉండడు. కానీ 1766లోనే మోజెస్ మెండెల్‌సన్ అనే తత్వవేత్తకు రాసిన ఉత్తరంలో కాంట్ తన గీత ఎక్కడుందో చెప్పాడు: నేను గట్టిగా నమ్మేవి చాలా ఉన్నాయి, అవన్నీ చెప్పే ధైర్యం నాకు ఎప్పటికీ రాదు, కానీ నేను అనుకోనిది మాత్రం ఎన్నడూ చెప్పను. 28 ఏళ్ల తర్వాత ఆ గీత మీదే నిలబడ్డాడు.

## చదవడం మొదలుపెట్టాక

నాలుగు పేజీలు చదివేసరికి తల తిరుగుతోంది. ఏ వరసలో చదవాలి?

'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్'తో మొదలుపెట్టకండి. ముందు 1784 నాటి జ్ఞానోదయం వ్యాసం, ఒక్క పూటలో అయిపోతుంది. తర్వాత 'గ్రౌండ్‌వర్క్' మొదటి రెండు అధ్యాయాలు, రోజుకు రెండు మూడు పేజీలు చాలు. ఆపైన యోబు ఉన్న 1791 వ్యాసం. ఆయన వాక్యాలు పొడుగు, టెన్షన్ పడొద్దు. ఒక వాక్యం పూర్తయ్యాక పుస్తకం మూసి, మీ మాటల్లో తెలుగులో చెప్పుకుని చూడండి. చెప్పలేకపోతే మార్జిన్‌లో పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు పోండి. నా 'గ్రౌండ్‌వర్క్' కాపీలో అలాంటి గీతలు ఇప్పటికీ పదకొండు ఉన్నాయి.